తల్లి రొయ్య కన్ను

రాజోలు అవతల, సముద్రపొడ్డున రొయ్యపిల్లల హేచరీలో పనిచేసే గంగబాబు ఇంటి వాకిలి. చెప్పులు విడవకుండానే నిలబడింది ఆశా వర్కరు వీరవేణి. గదిలో పిల్లాడితో తలుపేసుకుని అతని భార్య లక్ష్మీతులసి, రెండు నెలల బాలింత.

“ఏం సోకిందీ? మళ్ళీ చెప్పు గంగబాబూ.”

“గాలేనండి అక్కగారూ. పిల్లాడు గుక్కపట్టి ఏడుత్తుంటే గోడకేసి చూత్తా కూచుంటందండి. పొద్దున్న కాలవకెళ్ళి నిలువునా తడిసొచ్చింది. ఏంటే అంటే, తానం అందండి.”

“ఆస్పత్రికి నేను రాసిచ్చిన చీటీ ఏమైంది?”

“అదేనండి… రేపు అమావాస్య కదండీ. గాలి తీసే ఆయనొచ్చి తాడు కట్టేక…”

“చీటీ ఏమైందని అడిగేను.”

“ఉందండి. ఎక్కడో.”

“ఎక్కడో! సరే. హేచరీలో నీ పనేంటి?”

“తల్లి రొయ్యలండి. కన్ను నొక్కేది నేనే.”

“దేనికి నొక్కుతావు? సరదాకా?”

“అదేంటండీ! దాని కంటికాడలో హార్మోనుంటదండి, గుడ్లు ఎదగనివ్వదు. ఓ కన్ను నొక్కేత్తే హార్మోను తగ్గిపోయి, వారం తిరక్కుండా గుడ్లకొచ్చేత్తదండి.”

“ఆహా! రొయ్యకైతే హార్మోను. పెళ్ళానికైతే గాలి!”

“ఆయ్… రొయ్యంటే వేరండి.”

“వేరే మరి! అది చత్తే మీ సారు నిన్నడుగుతాడు. ఇది చత్తే ఎవడడుగుతాడు? ఒరే, కాన్పవగానే ఆడమనిషి ఒంట్లో హార్మోన్లు ఒక్కసారి పడిపోతాయిరా. ఆ దెబ్బకి కొందరికి మెదడులో రసాయనాలు తారుమారై మనసు కుంగిపోద్ది. దానికి మందుంది. డాక్టరున్నాడు. నువ్వేమో నిమ్మకాయలు కోసేవాణ్ణి పిలుత్తావు!”

“డాక్టరంటే పిచ్చంటారండి ఊళ్ళో. గాలంటే ఎవరూ ఏమీ అనరండి.”

“అదీ సంగతి! నీ పరువు! ట్యాంకులో రొయ్య మేత మానేత్తే ఏం చేత్తావు?”

“సారుకి ఫోన్ చేత్తానండి. అప్పటికప్పుడే.”

“అప్పటికప్పుడే! మరి ఈ పిల్ల తిండి మాని ఎన్నాళ్ళైంది?”

“…పది రోజులండి.”

“థూ!”

“మెల్లగానండి, తులసి వింటది.”

“విననీ! తులసీ, తలుపు తియ్యమ్మా. అమలాపురం పోదాం. ఇప్పుడే.”

“వత్తానక్కా. ముందు పిల్లాణ్ణి నా చేతుల్లోంచి తీసేసుకోండి. పొద్దున్న కాలవలో దిగినప్పుడు ఈణ్ణి ఎత్తుకునే దిగేను.”