లాక్ ఫైలు సంగతి: మా సిస్టమ్స్ మేడం పదవీ విరమణ వేళ

పందొమ్మిది వందల తొంభై ఆరు, ఆగస్టు పందొమ్మిదో తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మా ఆసుపత్రి రికార్డుల విభాగంలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా సంతకం చేసి ప్రవేశించిన మేడం గారు, ఇరవై తొమ్మిది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ నెలాఖరున సీనియర్ సిస్టమ్స్ అధికారిణిగా పదవీ విరమణ చేయబోతున్నారు. వారితో పదకొండు సంవత్సరాలు ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద పనిచేసిన వాడిని గనుక ఈ అభినందన వ్యాసం రాసే బాధ్యతను సావనీరు కమిటీ వారు నాకు అప్పగించారు. రెండు పేజీలు మించరాదని కూడా ఆజ్ఞాపించారు. మించుతుంది. కారణం చదివాక వారే మన్నిస్తారని నా నమ్మకం.

మా గది సెల్లారులో, మందుల స్టోరు పక్కన ఉంది. దాని ఏకైక కిటికీ పార్కింగు స్థలపు నేలతో సమానంగా ఉండడంచేత, మాకు లోకంలోని మనుషులందరూ మోకాళ్ళ వరకే పరిచయం. ఆ గదిలో మేడం గారు మొదటి ఆరేళ్ళు రోగుల పాత కేస్ షీట్లను కంప్యూటరులోకి ఎక్కించారు. రెండువేల రెండులో ల్యాబొరేటరీ సర్వరును యూనిక్స్ కుటుంబానికి చెందిన ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదికి మార్చాలని యాజమాన్యం నిర్ణయించినప్పుడు, ఆ విద్యలో అంతో ఇంతో ప్రవేశమున్న ఉద్యోగులంతా ఏదో ఒక సాకు చెప్పి తప్పుకోగా, ఏ ప్రవేశమూ లేని మేడం గారు మాత్రం "నేర్చుకుంటాను, మూడు నెలలు ఇవ్వండి" అని అడిగి తీసుకున్నారు. జిరాక్సు తీయించుకున్న నాలుగు వందల పేజీల మాన్యువల్‌ను పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివి, చెప్పిన గడువుకు తొమ్మిది రోజుల ముందే సర్వరును నడిపించి చూపారు. ఆ జిరాక్సు కట్ట ఇప్పటికీ మా బీరువాలో ఉంది. దాన్ని పారేద్దామన్న వారితో మేడం గారు రెండు రోజులు మాట్లాడరు.

ఈ సంచికను వారి కుటుంబ సభ్యులు కూడా చదువుతారు గనుక, మేడం గారు ఇన్నేళ్ళుగా ఏం పని చేశారో సులభంగా చెప్పడం నా విధి. ఆ సిస్టమ్‌లో ఏ కొత్త ప్రోగ్రామైనా ప్యాకేజీ రూపంలో వస్తుంది. ఒక ప్యాకేజీ పనిచేయాలంటే మరో నాలుగు కావాలి, ఆ నాలుగింటికి ఇంకో పది కావాలి. శుభకార్యానికి ఒక్క బంధువును పిలిస్తే ఆటో నిండా దిగినట్లన్నమాట. ఎవరెవరు దిగాలో, ఎవరికి ఎవరితో పొసగదో లెక్క చూసి, అందరినీ సరిగా కూర్చోబెట్టే ప్రోగ్రామును ప్యాకేజీ మేనేజర్ అంటారు. అది సవ్యంగా నడిచినంత కాలం ఎవరూ దాని ముఖం చూడరు. మొరాయించిన రోజున మాత్రం ఆసుపత్రి మొత్తం మా సెల్లారు మెట్లు దిగుతుంది.

అలా దిగివచ్చిన వారందరికీ మేడం గారు మొదట చెప్పేది ఒక్కటే మాట: చదవండి. తెర మీద ఎర్రర్ కనబడగానే చివరి లైను చూసి గుండె జారిపోవడం, వెంటనే ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన మంత్రాన్ని తెచ్చి అంటించడం సాధారణ మానవ స్వభావం. మేడం గారు దానిని ఎన్నడూ ఒప్పుకోలేదు. వచ్చినవారు ఎంతటి వారైనా కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి లైను నుంచి గట్టిగా చదివించేవారు. ఈ కారణంగానే ఆసుపత్రిలో వారికి 'చదవండి మేడం' అనే పేరు స్థిరపడింది. ఒకసారి ల్యాబ్ ఇంచార్జి గారు మూడు రోజుల కుస్తీ తర్వాత చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

"మేడం, మా కొత్త మెషిన్‌లో ఏ ప్యాకేజీ ఎక్కడం లేదు. లిస్టే చెల్లదంటోంది. నెట్‌లో చూసి నాలుగు సెట్టింగులు మార్చేశాను, ఇంకా మొండికేసింది."

"ఏమంటోందో చదవండి."

"చెప్పాను కదండీ, చెల్లదంటోంది."

"చెప్పారు. చదవలేదు. పైనుంచి చదవండి."

ఇంచార్జి గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఆ జాబితా ఇంకా చెల్లుబాటులోకి రాలేదని, మరో నూట పన్నెండు రోజులకు గానీ రాదని అందులో స్పష్టంగా ఉంది.

"ఇవాళ తారీఖు ఎంతండీ?" అని అడిగారు మేడం గారు.

ఇంచార్జి గారు గోడమీది క్యాలెండరు చూశారు, తెర మూలన ఉన్న తేదీ చూశారు, ఆ తర్వాత చాలాసేపు నేల చూశారు. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఆ యంత్రం దాదాపు నాలుగు నెలల వెనక కాపురముంటోంది. బిళ్ళంత బ్యాటరీ మార్చి తేదీ దిద్దగానే ప్యాకేజీలన్నీ కిక్కురుమనకుండా ఎక్కి కూర్చున్నాయి. ఇంచార్జి గారు ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని బతిమాలారు. మేడం గారు ఇప్పటివరకూ చెప్పలేదు. నేను చెబుతున్నాను.

ఇంతవరకు రాసినది నా మొదటి ప్రతి. దీనికి ఒక పేరా శుభాకాంక్షలు జోడించి పోయిన వారమే కమిటీకి ఇచ్చేసి ఉండేవాడిని. కానీ తేదీలు సరిచూసుకుందామని కార్యాలయం అనుమతితో మేడం గారి సర్వీసు రిజిస్టరు తెప్పించుకున్నాను. అందులో రెండువేల పద్నాలుగు నవంబరు పేజీలో ఎర్ర సిరాతో రెండు మాటలున్నాయి. "నిర్లక్ష్యం. హెచ్చరించడమైనది." ఇరవై తొమ్మిదేళ్ళ రిజిస్టరులో ఎర్ర సిరా అక్కడ ఒక్కచోటే ఉంది. ఆ నిర్లక్ష్యం మేడం గారిది కాదు, నాది. ఈ వ్యాసంలో ఇక మిగిలిన భాగం ఆ విషయమే.

నేను ఆ ఏడాది సెప్టెంబరులో ఏడాది ప్రొబేషన్ మీద చేరాను. నవంబరు పదమూడో తేదీ గురువారం ఉదయం పదకొండు గంటలకు మేడం గారు ల్యాబ్ సర్వరు మీద పెద్ద అప్‌గ్రేడ్ మొదలుపెట్టారు. అంతలో బ్లడ్ బ్యాంకులో ప్రింటరు ఇరుక్కుందని పైనుంచి ఫోను వచ్చింది.

"ఇది నడుస్తోంది బాబూ, ముట్టుకోకు. పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి మెట్లెక్కారు.

పది నిమిషాలు పావుగంటైంది. తెర కదలడం లేదు. అదే సమయంలో ల్యాబ్ వారు లేబుళ్ళ ప్రోగ్రాము వెంటనే కావాలని రెండుసార్లు ఫోను చేశారు. నేను దాన్ని ఎక్కించబోతే ప్యాకేజీ మేనేజర్ ఒప్పుకోలేదు. లోపల ఒక పని జరుగుతున్నంతసేపూ అది ఒక లాక్ ఫైలు పెట్టుకుంటుంది. ఆగు, లోపల ఇంకొకరున్నారు అని దాని భావం. నేను మాత్రం మొదటి పని నిద్రపోయిందని నిర్ధారించుకుని, ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు ఇచ్చిన సలహా పట్టుకుని, లాక్ ఫైలును చెరిపేసి నా ప్యాకేజీ ఎక్కించాను. మొదటి పని నిద్రపోలేదు, నిదానంగా నడుస్తోందంతే. రెండు పనులూ ఒకే పట్టికలో ఒకేసారి రాసుకోవడంతో ఏ ప్యాకేజీ ఎక్కిందో, ఏది సగంలో ఉందో చెప్పే ఆ పట్టికే మధ్యలో తెగిపోయింది. పదకొండు ఇరవైకి రిపోర్టులు వార్డులకు వెళ్ళడం ఆగిపోయింది. ల్యాబ్ సిబ్బంది కాగితాలు పట్టుకుని నాలుగంతస్తులూ పరుగులు తీశారు. రక్తం సరిపోల్చిన రిపోర్టు కోసం ఒక పెద్దావిడ ఆపరేషను మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి వాయిదా పడింది. ఆవిడ మనవరాలు థియేటరు బయట నర్సును గంటకోసారి అడుగుతూనే ఉందని తర్వాత తెలిసింది.

మేడం గారు దిగి వచ్చి తెర చూశారు.

"ఏం చేశావు?"

"నేనేం చేయలేదు మేడం. అదే ఆగిపోయింది."

"సరే. చదువు."

చదివాను. మూడో లైను దగ్గర ఆగిపోయాను. నేను కొట్టిన ఆజ్ఞ అక్కడే ఉంది. మేడం గారు గొంతు పెంచలేదు.

"నువ్వేం చేశావో తెలిస్తే బాగు చేయగలను. తెలియకపోతే ఇద్దరం కూర్చుని ఊహించుకోవాలి. పైన పేషెంట్లున్నారు. చెప్పు."

చెప్పాను. ఆ తర్వాతి నాలుగు గంటలు నా జీవితంలో నేను నేర్చుకున్న సమస్త విద్యకూ మూలం. ఆ సిస్టమ్ తన పట్టికకు రోజుకొక నకలు తీసి పక్కన దాచుకుంటుందని మేడం గారికి తెలుసు. నిన్నటి నకలు తెచ్చి తెగిన పట్టిక స్థానంలో పెట్టారు. నిన్నటి నుంచి నేటి వరకు ఏవేం జరిగాయో దినచర్య ఫైలులో నుంచి ఏరించారు. నలభై ఒక్క ప్యాకేజీలు తేలాయి. తొందరపడి అన్నింటినీ ఒకేసారి తోయకుండా, ఒక్కొక్కటే మళ్ళీ ఎక్కిస్తూ, ప్రతిసారీ తెర మీది జవాబును నాచేత చదివిస్తూ, కాగితం మీద టిక్కు పెట్టించారు. మూడు యాభైకి మెట్ల మీద నుంచి ల్యాబ్ ఇంచార్జి గారు "వచ్చింది, వచ్చింది" అని కేక వేశారు. మేడం గారు పదకొండింటి టీని అప్పుడు తాగారు. సాయంత్రం ఆపరేషను క్షేమంగా జరిగింది.

మర్నాడు ఆనాటి సూపరింటెండెంటు గారి దగ్గర నుంచి ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలని మా విభాగానికి మెమో వచ్చింది. జరిగినదంతా రాసి, నా సంతకంతో మేడం గారికి చూపించాను. వారు చదివి, మడిచి, తమ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

"ప్రొబేషన్‌లో ఉన్నవాడి సంతకం దీని కింద పడితే రేపు నువ్వుండవు. మెషిన్ నాది. పాస్‌వర్డ్ ఇచ్చింది నేను. నడుస్తున్న పనిని వదిలేసి వెళ్ళింది నేను."

"చెరిపింది నేను కదా మేడం."

"నువ్వే. ఇక జన్మలో చెరపవు. నిన్ను పంపించి ఇంకొకర్ని తెచ్చుకుంటే వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి చెరపాలి. నాకంత ఓపిక లేదు."

ఆ యంత్రం తన అధీనంలో ఉండగా జరిగిన దానికి తానే బాధ్యురాలినని ఒకే వాక్యం రాసి పంపించారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. చదివిన వారందరూ మాత్రం లాక్ ఫైలు చెరిపింది మేడం గారేనని అర్థం చేసుకున్నారు. రెండువేల పదిహేడులో సిస్టమ్స్ ప్రధానాధికారి పదవి ఖాళీ అయినప్పుడు, సీనియారిటీ జాబితాలో మొదటి పేరు వారిదే అయినప్పటికీ, ఆ ఎర్ర సిరా చూపించి పదవిని వేరొకరికి ఇచ్చారు. అప్పటికి నా ఉద్యోగం పర్మినెంటై రెండేళ్ళు దాటింది. నేను నోరు విప్పవలసింది. విప్పలేదు. ఇంకా ఇల్లు కుదుటపడలేదని ఒక ఏడాది, ఇప్పుడు చెప్పినా ఏం లాభమని మరో ఏడాది, ఇలా నాకు నేను సంజాయిషీలు రాసుకుంటూ వచ్చాను. మేడం గారు మాత్రం పదవి చేజారిన మర్నాడే యథావిధిగా పది గంటలకు వచ్చి, కొత్త ప్రధానాధికారి గారికి ఎర్రర్ పైనుంచి చదవడం నేర్పారు.

వారింట్లో చాలాసార్లు భోజనం చేశాను. వారి భర్త గారు విశ్రాంత రైల్వే గార్డు, సరసులు. "మా డిపార్ట్‌మెంట్‌లో ఎర్ర సిగ్నల్ దాటితే ఇంటికి పంపేవాళ్ళు. మా ఆవిడ దాటితే మెమో ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు" అని వడ్డన మధ్యలో వేళాకోళం చేసేవారు. వారి అమ్మాయి "అమ్మా, ఫ్రిజ్‌కి తాళం పెట్టనా, చెరిపేస్తావా?" అనేది. మేడం గారు నవ్వి నాకు ఇంకొంచెం పెరుగు వేసేవారు. నేనూ నవ్వేవాడిని. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గు. గార్డు గారూ, అమ్మాయీ, ఆ సిగ్నల్ దాటింది నేను. మీ ఇంట్లో ఇన్నేళ్ళూ మీరు ఆటపట్టించిన తప్పు మీ పక్కన కూర్చుని మీ అన్నం తిన్నది.

మొన్న మంగళవారం ఈ విషయమంతా రాసి ప్రస్తుత సూపరింటెండెంటు గారికి ఇచ్చాను. వారు రెండుసార్లు చదివారు.

"ఇప్పుడు చెబితే ఆవిడకు ఏమొస్తుందయ్యా? ఆ పోస్టు రాదు. నీకు మాత్రం మెమో వస్తుంది."

"మెమో ఇవ్వండి సార్. ఆవిడకు రావలసింది ఇంకోటుంది."

వారు సర్వీసు రిజిస్టరు తెప్పించారు. పాత మాటలను కొట్టివేసే అధికారం ఎవరికీ లేదట. కింద రాయవచ్చునట. వారు చెప్పగా నేనే నా చేతిరాతతో రాశాను: "పై వ్యాఖ్యకు కారణమైన తప్పిదం ఈ అధికారిణిది కాదు. దిగువ సంతకం చేసిన వాడిది." నేను సంతకం చేశాను, వారు ధ్రువీకరించారు. నా మెమో కూడా ఆ సాయంత్రమే అందింది.

మేడం, ఈ సంగతేదీ మీకు తెలియదు. వీడ్కోలు సభలో ఈ సంచిక మీ చేతికి వచ్చాకే తెలుస్తుంది. చెప్పి ఉంటే ఆ కాగితాన్ని కూడా మడిచి బ్యాగులో పెట్టుకునేవారు. ఈ పదకొండేళ్ళలో మీరు నన్ను ఒక్కసారైనా కోప్పడలేదు. పదవి పోయిన రోజున కూడా కోప్పడలేదు. ఆ మాట పడకుండా, మీ తర్వాత నాకు రానున్న ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాదు. మీకు సంపూర్ణ ఆరోగ్యం, కంటినిండా నిద్ర, భర్తా బిడ్డలతో తీరిక గల సుదీర్ఘ జీవితం కలగాలని మనసారా కోరుకుంటూ, వీలైతే రేపు, లేదా మీకు తోచినప్పుడు, నిండు నూరేళ్ళలో ఏనాడైనా సరే, వచ్చి నన్ను తిట్టిపోవాలని ప్రార్థిస్తున్నాను.