మాడిన చీపురు

సభకు పెద్దగా కూర్చున్న ముత్తయ్య గారికి, మా ప్లాంటు నుంచి ఇంత దూరం వచ్చిన ప్రణాలి మేడమ్‌కు, గల్లీ పెద్దలకు, ఒకే వరండా మీద గదులు పంచుకున్న మా చాల్ అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడ్డ దోస్తులకు ఈ పైపు ఫిట్టరు శంకర్రావు దండాలు. మధ్యలో మరాఠీ దొర్లితే మన్నించండి, ఈ నోరు ముంబై కామాటిపురాలో పెరిగింది. (నవ్వులు)

ఇవాళ రిటైరయ్యేదాకా నా పనేమిటో చాల్‌లో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. మన నల్లా పొద్దున గంటసేపే వస్తుంది, వచ్చినప్పుడే డ్రమ్ములు నింపుకుంటాం కదా. అట్లాగే మధ్యాహ్నం ఎండ కరెంటు, గాలి కరెంటు వాడకానికి మించి వస్తే, ఆ మిగులుతో మేం నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీస్తాం, దానికి పొగగొట్టాల దగ్గర పట్టిన కార్బన్ డయాక్సైడ్ కలిపి బండ్లకు పోసే ఇంధనం చేస్తాం. ముత్తయ్య గారూ, కునుకు తీయకండి, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. (నవ్వులు)

హైడ్రోజన్‌కు వాసన లేదు. అంటుకుంటే పట్టపగలు మంట కనబడదు. గ్యాసు లీకు పట్టే మీటర్లున్నా సరే, నేను చీపురు ముందుకు చాచి పైపుల మధ్య నడిచేవాణ్ని, మంట ఉంటే ముందు అదే అంటుకుంటుందని. నాలుగేళ్ల కింద, ప్లాంటు చీపురు అరిగిపోయిందని, మా గది ముందు గ్యాలరీలోని కొత్త చీపురును ఇంట్లో చెప్పకుండా పట్టుకుపోయాను. ఆ మధ్యాహ్నమే దాని కొస భగ్గుమంది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే, ఇందాక మీరు వేసిన దండ నా ఫోటోకు పడేది.

ఇంటికొచ్చేసరికి గ్యాలరీలో లొల్లి. మా ఆవిడ పెంటమ్మ చీపురు కోసం పక్కగది తారాబాయి అక్కను దొంగను చేసింది. పెంటమ్మ కాన్పుకు రెండు రోజులు పక్కన కూర్చున్న మనిషి ఆమె. "ఇగ నీ గడప తొక్క" అని అక్క ఏడ్చుకుంటూ లోపలికి పోయింది. నేను నోరు తెరవలేదు. నిజం చెబితే పెంటమ్మ నన్ను మళ్లీ డ్యూటీకి పోనివ్వదు, నాకేమో ఆ పనంటే ప్రాణం. నాలుగేళ్లు ఇద్దరూ ఒకే నల్లా దగ్గర మొహాలు తిప్పుకుని నీళ్లు పట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

మీ శాలువాకు, మీ మంచి మాటలకు అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పోయే ముందు ఈ సంచిలోది ఒకటి తీయాలి. పెంటమ్మా, ఇదిగో నీ చీపురు, కొస మాడింది. అక్కా, దొంగను నేను.

(తారాబాయి చివరి వరుస నుంచి వచ్చి, మాడిన కొసను తడిమి, పెంటమ్మ పక్కన కూర్చుంది. "చీపురు పోతే పోనియ్యే, నీ మనిషి మిగిలిండు" అంది. పెంటమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.)

రేపటి నుంచి డ్యూటీ లేదు కాబట్టి, పొద్దున నల్లా దగ్గర ఇద్దరి బిందెలూ నేనే మోస్తాను. సెలవు.