అమ్మ మీద నాలుగు వాక్యాలు

మధ్యాహ్నం బేరం లేని సెలూన్‌లో కూతురు తిరిగే కుర్చీలో కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. తండ్రి కత్తెర తుడుస్తున్నాడు.

"నాన్నా, అమ్మ మీద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాయాలి. ఆల్వేస్ అంటే ఎప్పుడూ. అమ్మ ఎప్పుడూ ఏం చేస్తుంది?"

"నవ్వుతుంది. ఓసారి నవ్వితే ఈ అద్దం పగిలి, ఎదురింటి గడియారం అరగంట ముందుకురికింది!"

"అబ్బా, కోతలాపు. యూజువల్లీ, మామూలుగా?"

"నన్ను తిడుతుంది. ఆ తిట్లకి నా కత్తులు వాటంతటవే పదునెక్కేవి."

"రాశా. సమ్‌టైమ్స్, అప్పుడప్పుడు?"

"అలుగుతుంది. మీ అమ్మ అలిగితే మూడు వీధుల్లో పొయ్యి వెలగదు."

"ఆఖరిది నేనే రాసుకున్నా. మదర్ నెవర్ కమ్స్ హోమ్."

"అంటే ఏంటే?"

"అమ్మ ఎప్పటికీ ఇంటికి రాదు."

కత్తెర తుడిచే చెయ్యి ఆగింది.

"అది కొట్టెయ్ తల్లీ. అప్పుడప్పుడు వస్తుందని రాయి."

"టీచర్ తప్పు కొడతారు నాన్నా."

"ఆవిడకేం తెలుసు మన ఇంటి సంగతి?"

"అమ్మని సాగనంపిన రోజు శ్మశానం దాకా మనతో వచ్చారుగా."

"అవున్లే... వచ్చారు. సరే, రాయమ్మా. కానీ ఆ ఒక్కటీ పెన్నుతో వద్దు. పెన్సిల్‌తో రాయి."