సంగటి తింటివా

వన్నూరప్ప అని ఒగాయప్ప ఉన్న్యాడంట మా ఊర్లో. మా యవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పటి మాట. రెండెకరాల చేను, ఇద్దరు పిల్లోళ్ళు, గంగులమ్మ అని పెండ్లాము. చెడ్డోడు గాదు. అది ముందే చెప్తాండా, మళ్ళ కథ అయినంక ఆయప్పను తిట్టొద్దండి. ఆ యేడు కరువు. వరసగా మూడేండ్లు వాన లేదనుకో, బాయిల్లో కప్పలు గూడా చచ్చిపోయినాయంట. దినానికి ఒగ పూటే రాగి సంగటి, అది గూడా పొద్దుగూకే ముందర. ఇంగ మా పక్క పద్ధతి మీకు తెలీనిదా? ఇంటికి ఎవురొచ్చినా మొదట 'సంగటి తింటివా', అంటే తినొచ్చినావా అని అడగల్ల. వచ్చినోళ్ళు తినకపోయినా 'తింటి' అనల్ల. ఆకలని నోరు తెరిస్తే పరువు పోతాది గదా. అప్పుడు ఇంటోళ్ళు రెండోసారి అడగల్ల, రోంత తిందువు రా అని. వద్దులే, కడుపు నిండుగుండాది అంటారు వాళ్ళు. మూడోసారి చెయ్యి పట్టుకోని తెచ్చి సంగటి పెట్టిన తట్ట ముందర కూర్చోబెట్టల్ల. అప్పుడు తింటారు. ఎవురూ ఎవురికీ నేర్పింది గాదు ఇది, పుట్టినప్పట్నుంచి చూస్తానే ఉంటాం.

ఏమైందంటే, ఒగ సాయంత్రం వన్నూరప్ప చెల్లెలు మారెక్క వచ్చింది. ఆమెను ఇచ్చింది మూడు కోసుల దూరం ఊరికి. మొగుడు కూలికని యాడికో పోయి ఆర్నెల్లంట, జాబు లేదు జవాబు లేదు. ఎండలో నడిచొచ్చి అరుగు మీద కూలబడింది. లోపల గంగులమ్మ సంగటి కెలుకుతాంది, ఆ వాసన బయటికి వస్తాంది అనుకో. కుండలో ఉండేది మూడు ముద్దలు. పిల్లోళ్ళకు రెండు, మొగుడూ పెండ్లాలకు ఒగటి. వన్నూరప్ప చెల్లెల్ని చూసి సంతోషపడినాడు, ఆ యెంటనే లోపలి కుండ గుర్తుకొచ్చి మనసులోనే ముద్దలు లెక్కేసుకున్న్యాడు. చూడండి మనిషి బుద్ధి. వానలు లేవనీ, ఎద్దును అమ్మేసిందీ, ఊర్లో ఎవురెవురు వలసపోయిందీ, అన్నీ చెప్తానే ఉన్న్యాడంట, ఆ ఒగ మాట మాత్రం నోట్లోకి రావడం లేదు. ఆఖరికి అడగకపోతే బాగుండదని అడిగినాడు.

"సంగటి తింటివా మారెక్కా?"

"తింటిన్నా. బయల్దేరేటప్పుడే తింటి."

ఆయప్పకు తెలుసు. తెలీకేం, బుగ్గలు లోపలికి పీక్కపోయి, కండ్లు గుంటలు పడి, తోడబుట్టినోడికి కనపడదా? తెలిసీ ఏమన్న్యాడంటే, సరేమ్మా అన్న్యాడు. అంతే. రెండోసారి అడగలేదు. ఆమె రోంచేపు కూర్చున్న్యాది. ఎదురు చూసిందనే నేనంటా. పిల్లోళ్ళ తలలు నిమిరింది, మంచినీళ్ళు అడిగి చెంబెడు తాగింది, ఇంగ పొద్దుగూకుతాంది, పోయొస్తాన్నా అని లేచింది. ఈయప్ప వాకిలి దాకా పోయి, పైలంగా పో అని చెప్పినాడు. కడుపులో ఒగ పక్క సిగ్గు, ఒగ పక్క గండం గడిచిందిలే అనేది. లోపలికొస్తే గంగులమ్మ తట్ట పట్టుకోని నిలబడుకోనుంది. తట్టలో అర ముద్ద సంగటి, పక్కన నంజుకోను రోంత ఊరిబిండి.

"నువ్వు మళ్ళా అడుగుతావని పెట్టుకోనుంటినే. నా వంతులోది. పోయి పిలువు, ఇంగా సందు దాటిండదు."

పరిగెత్తల్ల గదా? పరిగెత్తలేదు. ఇంతసేపు అడగనోడు ఇప్పుడు ఏం మొగం పెట్టుకోని పిలిచేదని ఆడనే నిలబడిపోయినాడంట. ఆ నిలబడిన రోంచేపట్లోనే ఆమె సందూ దాటింది, ఊరూ దాటింది.

తెల్లారి గొర్రెలోళ్ళు వచ్చి చెప్పినారు. ఊరి బయట నీళ్ళెండిపోయిన వంక ఉంది గదా, దాని గట్టున మారెక్క రాతికి ఆనుకోని కూర్చున్నట్టే ఉందంట, పిలిస్తే పలకలేదంట. ఆమె ఊరోళ్ళు వచ్చినంక తెలిసింది, ఆ ఇంట్లో పొయ్యి రాజేసి నాలుగు దినాలాయ అని. గంగులమ్మ గుండెలు బాదుకోని ఏడ్సింది, నేనన్నా పిలిచింటే బతికుండేది గదా అని. వన్నూరప్పకు ఏడుపు గూడా రాలేదు. ఆ అర ముద్ద ఆ దినం ఎవురు తిన్న్యారో నాకు తెలీదు, మా యవ్వ చెప్పలేదు, నేను అడగలేదు.

మళ్ళ వానలొచ్చినాయి. వస్తాయి గదా ఎప్పటికైనా. రాగులు పండినాయి, ఊరంతా రెండు పూటలా తింటాంది. ఇంగ ఈయప్ప అరుగు మీద కూర్చోని, దావన పోయేటోళ్ళను ఎవుర్నీ ఇడిసేవాడు గాదంట. సంగటి తింటివా అంటాడు. తింటి వన్నూరప్పా అంటారు వాళ్ళు. నిజంగానే తినుంటారు పాపం, తేన్పులు గూడా వస్తాంటాయి. ఈయప్ప నమ్మడు. చెయ్యి పట్టుకోని గుంజకపోయేది, తట్ట ముందర కూర్చోబెట్టేది. జనాలు ఈయప్పకు భయపడి ఎనక సందులో తిరిగి పొయ్యేవాళ్ళంట. మా యవ్వ అప్పటికి ఎదిగిన పిల్ల, ఒగసారి దొరికిపోయింది. గొంతుదాకా తినొచ్చింది, అయినా ఆయప్ప కండ్లు చూసి కాదనలేక ముద్దంతా మింగింది. ఆయప్ప ఎదురుగ్గా కూర్చోని ఆఖరి మెతుకు దాకా చూసినాడంట. ఆమె చెయ్యి కడుక్కోని లేస్తాంటే, మొగంలోకి మొగం పెట్టి, నిజంగా తింటివా పాపా అని అడిగినాడు. తింటి అనింది మా యవ్వ. నమ్మలేదంట. ఇంగ అట్లాటోడికి ఎవురు మాత్రం ఏం చెప్తారు.