అత్తగారి నంబరు

చచ్చిపోవాలన్న ఆలోచన ఏళ్ల తరబడి ఆ దర్జీని వదలడం లేదు. కౌన్సెలింగుకు రావడం ఇది ఆరోసారి. ఎప్పటిలాగే కుర్చీ అంచున కూర్చున్నాడు.

“తలుపు వెయ్యమంటారా, తీసి ఉంచమంటారా?” అని అడిగింది డాక్టరమ్మ.

“తీసే ఉంచండి. చిన్నప్పుడు మా నాన్న తలుపేశాడంటే నా వీపు విమానం మోత మోగేది.”

“అలాగే. ఆ ఆలోచన ముదిరినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారో రాసుకు రమ్మన్నాను కదా?”

“రాశానండి. మా అత్తగారికి.”

“ఆవిడతో మీకు పడదన్నారుగా?”

“ఇప్పటికీ పడదు. కానీ ఆవిడ మొదలెట్టారంటే నాకే కాదు, ఆ ఆలోచనకి కూడా నోరు విప్పే సందు దొరకదు.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వించగలిగినందుకు దర్జీకి లోలోపల గర్వంగా అనిపించింది.

“మరి ఆవిడకి విషయం చెప్పారా?”

“మొన్న బాగా ముదిరితే ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అవతల చప్పుడే లేదు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆవిడ నోరు మూతపడటం అదే మొదలు. నాకే భయమేసి, ‘అత్తయ్యా, ఉన్నారా?’ అన్నాను.”

“ఏమన్నారు?”

దర్జీ కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు.

“‘ఉన్నాను నాయనా, నువ్వూ ఉండు’ అన్నారు. ఆ తర్వాత గంటన్నర దాకా ఫోన్ పెట్టనివ్వలేదండి.”