గోత్రం

శ్రీరామనవమి నాడు తార్నాక గుడిలో, పూజారి గోత్రం అడగ్గానే కూతురు చెప్పిన జవాబుకి తల్లి ఉలిక్కిపడింది. పిల్లని స్తంభం చాటుకి లాగింది.

"కౌశికస అన్నావేమిటే? మనది భారద్వాజస కదా!"

"నోరు జారిందమ్మా."

"పుట్టిన దగ్గర్నుంచీ చెప్పే గోత్రానికి నోరు జారుతుందా? ఎవరిదే అది?"

"మా యూనివర్సిటీలోనే చదువుతున్నాడు. శనివారం శనివారం ఇద్దరం ఈ గుడికే వస్తాం. అదే అలవాటైపోయింది."

"పెళ్లయిపోయిందా?"

"రిజిస్టర్ ఆఫీసులో."

"ఓరి దేవుడా! నాన్నగారు విన్నారా?"

"లేదు, స్కూటర్ పెట్టడానికి వెళ్లారుగా. అదిగో, వస్తున్నారు. చెప్పకమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా."

"ఏమిటా గుసగుసలు? అర్చన అయిందా?" అన్నాడు తండ్రి.

కూతురి చెయ్యి తల్లి గట్టిగా పట్టుకుంది.

"ఇంకా లేదండీ. అల్లుడి పేరు కూడా చెప్పించాలి."