ఊరి పేరు పెట్టిన నాచు

మడ అడవి పక్క రేవులో గుల్లల గంప ఎత్తుకోబోతున్న తల్లిని, కాకినాడ కాలేజీ నుంచి పొద్దున్నే వచ్చిన కూతురు ఆపింది.

"వాటిని అమ్మొద్దమ్మా."

"ఎందుకే? మన ఊరి గుల్లలంటే సంతలో ఎగబడి కొంటారు."

"మన పాయలో, మైక్రోస్కోపులో తప్ప కనపడని కొత్త రకం నాచు కనిపెట్టానన్నాను కదా. దాంట్లో విషం ఉందని నిన్న టెస్టులో తేలింది. గుల్లలు తినేది దాన్నే."

"కంటికి కనపడని నలుసులో విషమా? మేం రోజూ తింటున్నాం, బాగానే ఉన్నాంగా!"

"పెదాలు తిమ్మిరెక్కుతున్నాయని నువ్వే అన్నావు."

"ఆకూవక్కలో సున్నం ఎక్కువైందనుకున్నానే."

"సున్నం కాదమ్మా."

తల్లి పాయ అవతలి అడవికేసి చూసింది.

"పోనీ, ఇంకెక్కడో దొరికిందని రాసెయ్. ఇంత అడవి ఉంది."

"విషం సంగతి తెలియకముందే సైన్సు పత్రికకి రాసి పంపేశాను. పోయిన నెల అచ్చయిపోయింది కూడా."

"అందులో మన ఊరి పేరుందా?"

"ఉందమ్మా. ఊరికి పేరొస్తుందని, ఆ నాచుకి మన ఊరి పేరే పెట్టాను."

తల్లి చేతులు గంప అంచు మీదే ఉండిపోయాయి.

"అయితే ఇక సంతలో ఏ ఊరి గుల్లలని కేకెయ్యమంటావే?"